సంక్రాంతి సెలవుల్లో సింగపూర్ క్రూజ్: ముందుగా ఓడకు డిపాజిట్ కట్టాలా, విమాన టికెట్లు కొనాలా?

హనుమకొండ_గణితం

అందరికీ నమస్కారం. నేను పదవీ విరమణ చేసిన గణిత ఉపాధ్యాయుణ్ని. 2027 సంక్రాంతి సెలవుల్లో నేను, నా భార్య, మా అమ్మాయి, అల్లుడు, బడికి వెళ్లే ఇద్దరు మనవలు, మొత్తం ఆరుగురం క్రూజ్‌కు వెళ్లాలని అనుకుంటున్నాం. సింగపూర్‌లో ఓడ ఎక్కి, మలేషియాలోని పెనాంగ్, థాయిలాండ్‌లోని ఫుకెట్ చూసి, తిరిగి సింగపూర్‌లోనే దిగే నాలుగు రాత్రుల ప్రయాణం అది.

మా ముందు ఇప్పుడు మూడు దారులు ఉన్నాయి. హనుమకొండలోని ఒక ట్రావెల్ ఏజెంటు విమానం, హోటల్, ఓడ, వీసా అన్నీ కలిపి ఒకే ధర చెప్పి, అందులో సగం సొమ్ము ఈ నెలలోనే కట్టమంటున్నాడు. ఓడ కంపెనీ వెబ్‌సైట్‌లో నేరుగా బుక్ చేస్తే ఇప్పుడు కొంత డిపాజిట్ కట్టి, మిగతాది ప్రయాణానికి రెండున్నర నెలల ముందు కట్టవచ్చని రాసి ఉంది. మా అల్లుడు మాత్రం ఓడ సంగతి తరువాత చూసుకుందామని, విమాన ఛార్జీలు తక్కువగా ఉన్న ఇప్పుడే ఆరు టికెట్లు కొనేద్దామని అంటున్నాడు. పెన్షన్ డబ్బుతో చేసే ప్రయాణం కాబట్టి ఏ సొమ్ము ఎప్పుడు కట్టాలో, వెళ్లలేకపోతే అందులో ఎంత తిరిగి వస్తుందో తెలుసుకొన్న తరువాతే అడుగు వేయాలని నా ఉద్దేశం. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జగిత్యాల_టికెట్లు

మాస్టారు గారికి నమస్కారం. గల్ఫ్‌కు వెళ్లేవారికి విమాన టికెట్లు చేసే పని మాది. మీ అల్లుడు గారి ఆలోచనలో కొంత నిజం ఉంది. సెలవుల రోజుల్లో శంషాబాద్ నుంచి సింగపూర్‌కు నేరుగా వెళ్లే విమానాల్లో తక్కువ ధర సీట్లు ముందుగానే అయిపోతాయి. ఆరుగురికి ఒకేసారి వెతికితే ఆ ధరలో నాలుగు సీట్లే మిగిలి ఉన్నా, సిస్టమ్ మొత్తం ఆరు టికెట్లకూ పై మెట్టు ధరే చూపిస్తుంది. అందుకని మొదట ఇద్దరికి, తరువాత నలుగురికి వెతికి పోల్చుకోండి.

అయితే ఓడ ఖాయం కాకుండా విమానం కొనడం సరికాదని నా అభిప్రాయం. ఓడ తేదీ మన చేతిలో ఉండదు. మీరు అనుకున్న వారంలో ఆరుగురికి సరిపడే క్యాబిన్లు దొరక్కపోతే తేదీ జరపాల్సి వస్తుంది. తక్కువ ధర టికెట్లకు మార్పు రుసుము, ఆ రోజు ఉన్న కొత్త ధరకు పాత ధరకు మధ్య తేడా రెండూ కట్టాలి. ఆరుగురికి కలిపి చూస్తే అది చిన్న మొత్తం కాదు.

వరుస ఇలా ఉండాలి. వెనక్కి తీసుకోగలిగే డిపాజిట్ కట్టి ముందుగా ఓడను పట్టుకోండి. ఒకటి రెండు రోజుల్లోనే విమాన టికెట్లు కొనండి, అవి కూడా మార్పుకు వీలున్న తరగతిలోనే కొనండి. ఓడకు కట్టాల్సిన బ్యాలెన్స్ గడువు వచ్చే లోపల ఇంట్లో అందరి ఆరోగ్యం, పిల్లల పరీక్షలు, పాస్‌పోర్టుల గడువు మరొకసారి చూసుకోండి. ఆ గడువు దాటితే వెనక్కి వచ్చే సొమ్ము వేగంగా తగ్గిపోతుంది.

కరీంనగర్_ఆడిటర్

ప్రకటనలో కనిపించే ధరకు, చివరికి జేబులోంచి వెళ్లే ధరకు మధ్య ఉన్న దూరం గురించి రాస్తాను. కింది అంకెలు లెక్క చూపడానికి వేసుకొన్నవి మాత్రమే, ఏ కంపెనీ ధరా కాదు.

క్రూజ్ ధరలను సాధారణంగా ఒక క్యాబిన్‌లో ఇద్దరు ఉంటారన్న లెక్కతో మనిషికి ఇంత అని చెబుతారు. మనిషికి 40,000 రూపాయలని ప్రకటన ఉందనుకుందాం. దీనిపై రేవు రుసుములు, పన్నులు మనిషికి 10,000 అనుకోండి. ఓడ సిబ్బందికి ఇచ్చే టిప్పు చాలా కంపెనీల్లో మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్ల దాకా ఉంటుంది. 18 డాలర్ల లెక్కన నాలుగు రాత్రులకు 72 డాలర్లు, డాలరుకు 90 రూపాయలు వేసుకొంటే 6,480 రూపాయలు. అంటే 40,000 అన్నది 56,480 అయింది. ఆరుగురికి 3,38,880. ఒకే క్యాబిన్‌లో మూడో, నాలుగో మనిషిగా ఉండే పిల్లలకు మూల ధర బాగా తగ్గవచ్చు గానీ, రేవు రుసుములు, టిప్పు చాలా చోట్ల వారికి కూడా పెద్దవారితో సమానంగానే ఉంటాయి. ‘పిల్లలకు ఉచితం’ అన్న ప్రకటన చూసినప్పుడు ఈ రెండూ అందులో కలిశాయో లేదో అడగాలి.

ఏజెంటు దగ్గర ప్యాకేజీగా కొంటే జీఎస్టీ 5 శాతం పడుతుంది. ఆపైన ఆదాయపు పన్ను కింద టీసీఎస్, అంటే అమ్మేవారే మన దగ్గర తీసుకొని ప్రభుత్వానికి కట్టే పన్ను, వసూలు చేస్తారు. విదేశీ యాత్రా ప్యాకేజీలపై ఇది 2023 అక్టోబరు నుంచి ఏడు లక్షల వరకు 5 శాతం, ఆ పైన 20 శాతంగా ఉండేది; 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితిని పది లక్షలకు పెంచారు; 2026 ఫిబ్రవరి కేంద్ర బడ్జెట్‌లో పరిమితితో సంబంధం లేకుండా 2 శాతానికి తగ్గిస్తున్నట్లు ప్రకటించారు. ఏజెంటు పాత కోటేషన్ కాగితం మీద 5 శాతం వేసి ఇస్తే కొత్త రేటు ప్రకారం సరిచేయమని అడగండి.

టీసీఎస్ ఖర్చు కాదు, ముందుగా కట్టిన పన్ను. ఎవరి పాన్ నంబరు ఇస్తే వారి పేరున అది ఆదాయపు పన్ను శాఖ దగ్గర జమ అవుతుంది. మాస్టారు గారి పెన్షన్‌పై పన్ను పడకపోతే ఆ సొమ్ము వెనక్కి రావడానికి రిటర్ను తప్పక దాఖలు చేయాలి, తరువాత రీఫండ్ కోసం ఎదురు చూడాలి. ఉద్యోగంలో ఉన్న అల్లుడు గారి పేరున, ఆయన ఖాతా నుంచి చెల్లిస్తే, ఆ వివరం తన కార్యాలయానికి ఇచ్చి జీతంలో కోసే పన్నులోనే సర్దుబాటు చేయించుకోవచ్చు. 2024 అక్టోబరు నుంచి ఈ వెసులుబాటు ఉంది.

మరొక విషయం. విదేశీ విమాన టికెట్ ఒక్కటే విడిగా కొంటే అది యాత్రా ప్యాకేజీ కిందికి రాదని ఆదాయపు పన్ను బోర్డు 2023 జూన్ 30 నాటి సర్క్యులర్‌లో స్పష్టం చేసింది. అందువల్ల విమానాన్ని ప్యాకేజీలో కలపకుండా మీరే కొంటే ఆ భాగంపై టీసీఎస్ ఉండదు.

నక్కలగుట్ట_నివాసి

పై ఇద్దరూ చెప్పినది సరైనదే, కానీ ఏజెంటును పూర్తిగా పక్కన పెట్టవద్దని నా మనవి. వయసు పైబడిన మా అమ్మానాన్నలను తీసుకొని సింగపూర్ నుంచే క్రూజ్‌కు వెళ్లాను. వీసా కాగితాలు, హోటల్, రేవుకు కారు, వీల్‌చైర్ ఏర్పాటు, ఇవన్నీ ఒకరే చూసుకొంటే మనసుకు ఎంతో నిశ్చింత. దానికి కొంత ఎక్కువ ధర పెట్టడం వృథా కాదు. అభ్యంతరం అల్లా సగం సొమ్ము ఇప్పుడే కట్టమనడం మీదనే. ఏజెంటు మన దగ్గర సగం తీసుకొని, ఓడ కంపెనీకి మాత్రం చిన్న డిపాజిటే కట్టి ఉంచవచ్చు. అందుకని డబ్బు కట్టిన రెండు రోజుల్లో ఓడ కంపెనీ ఇచ్చే బుకింగ్ నంబరు అడిగి తీసుకోండి. ఆ నంబరుతో, ఇంటిపేరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో చూస్తే ఏ క్యాబిన్, ఎవరి పేర్లు, ఇంకా ఎంత బాకీ అన్నది చాలాసార్లు మీకే కనిపిస్తుంది. ఆ నంబరు ఇవ్వడానికి వెనకాడే ఏజెంటుకు పెద్ద మొత్తం ఇవ్వకండి.

విమానం విషయంలో ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఓడ బయలుదేరే రోజున సింగపూర్‌లో దిగే విమానం ఎక్కవద్దు. మా విమానం శంషాబాద్‌లో చాలా గంటలు ఆలస్యమై, అర్ధరాత్రి బయలుదేరాల్సింది మర్నాడు పగలు బయలుదేరింది. మేము ఒక రోజు ముందుగా వెళ్లేలా పెట్టుకొన్నందున హోటల్‌లో ఒక పూట విశ్రాంతి తగ్గిందే తప్ప ఓడ తప్పలేదు. అదే విమానంలో వచ్చి, అదే రోజు మరో ఓడ ఎక్కాల్సిన ఒక కుటుంబం పడిన ఆందోళన కళ్లారా చూశాను. ఓడ బయలుదేరడానికి గంట, గంటన్నర ముందే ఎక్కడం ఆపేస్తారు. విమానం ఆలస్యమైందని చెప్పినా ఓడ ఆగదు, కట్టిన సొమ్మూ తిరిగి రాదు. ఆరుగురికి సింగపూర్‌లో ఒక రాత్రి హోటల్ ఖర్చు ఎక్కువే అనిపిస్తుంది. దాన్ని విహారం ఖర్చులో కాక ఓడ టికెట్టు ధరలో భాగంగానే రాసుకోండి.

హనుమకొండ_గణితం

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నాకు ఇంకా స్పష్టం కానిది డిపాజిట్ సంగతి. వెబ్‌సైట్‌లో ఒకే క్యాబిన్‌కు రెండు ధరలు చూపిస్తున్నారు. తక్కువ ధర దానికి డిపాజిట్ తిరిగి రాదని, ఎక్కువ ధర దానికి వస్తుందని ఉంది. తేడా ఎంత వరకు ఉంటే ఏది తీసుకోవాలి? అలాగే మంచి క్యాబిన్ ఏదో ముందే ఎంచుకోకుండా, కంపెనీ ఇష్టం వచ్చిన చోట కేటాయించే పద్ధతి ఇంకా చవకగా ఉంది. అది తీసుకోవచ్చా?

డాలస్_ఓరుగల్లు

సార్, మాది వరంగల్, ఉద్యోగరీత్యా డాలస్‌లో ఉంటున్నాం. ఇక్కడి తెలుగు కుటుంబాలు గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికో వైపు వెళ్లే క్రూజ్‌లు తరచుగా చేస్తాయి, ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులను కూడా తీసుకొని వెళ్తాయి. నియమాలు దేశాన్ని బట్టి కొంత మారతాయి గానీ డిపాజిట్ తీరు దాదాపు ఒక్కటే.

తిరిగి వచ్చే డిపాజిట్ అంటే, బ్యాలెన్స్ కట్టాల్సిన చివరి తేదీ లోపు రద్దు చేసుకొంటే పూర్తిగా వెనక్కి ఇస్తారని అర్థం. ఆ తేదీ తరువాత ఈ రెండు ధరల మధ్య పెద్ద తేడా ఉండదు, రెండింటికీ కోతలు మొదలవుతాయి. అంటే ఎక్కువ ధర పెట్టి మీరు కొనుక్కొనేది ఇప్పటి నుంచి ఆ తేదీ వరకు ఉండే స్వేచ్ఛనే. మీ విషయంలో అది కొన్ని నెలల స్వేచ్ఛ. ఆరుగురి కుటుంబంలో, ఇద్దరు పెద్దవారు, ఇద్దరు బడి పిల్లలు ఉన్నప్పుడు దానికి విలువ ఉంది. ఆరుగురికి కలిపి ధరల తేడా ఎంతో చూడండి, రద్దయితే పోయే డిపాజిట్ మొత్తం ఎంతో చూడండి. తేడా ఆ డిపాజిట్‌లో ఐదో వంతు, ఆరో వంతు ఉంటే ఎక్కువ ధరే తీసుకొనే మనిషిని నేను. తేడా డిపాజిట్ దరిదాపుల్లోకి వస్తే చవక ధర తీసుకోవడమే మేలు. గణితం మాస్టారు కాబట్టి వెళ్లలేకపోయే అవకాశం ఎంతో మీరే అంచనా వేసి గుణించి చూసుకోగలరు. తిరిగి రాని డిపాజిట్‌లో కూడా కొన్ని కంపెనీలు తేదీ మార్చుకోనిస్తాయి, కానీ మనిషికి వంద డాలర్ల వంటి రుసుము తీసుకొంటాయి.

క్యాబిన్ కంపెనీ కేటాయించే పద్ధతి ఇద్దరికైతే పరవాలేదు. మీకు మాత్రం వద్దు. రెండు మూడు క్యాబిన్లు వేరువేరు అంతస్తుల్లో పడితే మనవలను, పెద్దవారిని కలిపి ఉంచడం కష్టమవుతుంది.

ఇక్కడ అమెరికాలో బుక్ చేసినప్పుడు బ్యాలెన్స్ గడువుకు ముందు ధర తగ్గితే, అడిగితే కొత్త ధర వేసే అలవాటు ఉంది. ఇండియాలో ఏజెంటు ద్వారా కొన్నప్పుడు కూడా అలా చేస్తారా అని ముందే రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి.

నిజామాబాద్_ప్రయాణికుడు

బాల్కనీ ఉన్న క్యాబిన్ తీసుకోమని ఏజెంట్లు ఒత్తిడి చేస్తారు. నాలుగు రాత్రుల ప్రయాణంలో, అందులో రెండు రోజులు పెనాంగ్, ఫుకెట్‌లో దిగి తిరిగే ప్రయాణంలో, కిటికీ లేని లోపలి క్యాబిన్ చాలు. పెద్దవారిద్దరికి బాల్కనీ, అమ్మాయి కుటుంబానికి ఎదురుగా లోపలి క్యాబిన్ తీసుకొంటే పగలంతా అందరూ బాల్కనీ గదిలోనే కూర్చోవచ్చు.

కాజీపేట_జంక్షన్

మాస్టారు గారూ, విదేశీ ప్రయాణం తప్పనిసరి కాదనుకొంటే ముంబయి నుంచి గోవా, కొచ్చి, లక్షద్వీప్ వైపు నడిచే కార్డీలియా ఓడను కూడా ఒకసారి లెక్క వేసి చూడండి. మన దేశంలోని రేవులకే వెళ్తే వీసా ఉండదు, టీసీఎస్ ఉండదు, డాలరు రేటు భయం ఉండదు. అన్నిటికంటే ముఖ్యంగా, విమానం కూడా తప్పనిసరి కాదు. భువనేశ్వర్ నుంచి ముంబయి వెళ్లే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ వరంగల్, కాజీపేట మీదుగా నేరుగా ముంబయిలోని సీఎస్‌ఎంటీ స్టేషన్‌కు వెళ్తుంది. అక్కడి నుంచి ఓడ ఎక్కే బల్లార్డ్ పియర్ టాక్సీలో కొద్ది నిమిషాల దూరం. నిజామాబాద్ వైపు వారికి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఉంది. రైలు టికెట్టు చాలా ముందుగా రద్దు చేసుకొంటే పోయేది కొద్ది వందల రూపాయలే, విమానంలో వేలల్లో ఉంటుంది. రైలు కూడా ఆలస్యం కావచ్చు కాబట్టి ఒక రోజు ముందు చేరడమన్న నియమం ఇక్కడా పాటించాలి.

విమానంలోనే ముంబయి వెళ్లాలనుకొనేవారు ఏ విమానాశ్రయానికి టికెట్టు ఉందో చూసుకోవాలి. 2025 డిసెంబరు నుంచి నవీ ముంబయి విమానాశ్రయం కూడా నడుస్తున్నది. అక్కడ దిగితే సముద్రం దాటి, అటల్ సేతు మీదుగా నగరంలోకి రావాలి. టికెట్టులో మిగిలిన సొమ్ము కారు కిరాయికి పోకుండా చూసుకోండి.

మంచిర్యాల_డాక్టర్

ఇక్కడ బీమా గురించి ఎవరూ వివరంగా రాయలేదు. మాస్టారు గారి వయసు వారిలో బీపీ, షుగర్ సాధారణం. ప్రయాణ బీమా ఫారంలో ఇవి ఉన్నాయని దాచకుండా రాయండి. దాచి తీసుకొన్న పాలసీ అవసరమైన రోజున అక్కరకు రాదు. పాత జబ్బులకు రక్షణ ఉన్న పాలసీకి ప్రీమియం కొంత ఎక్కువ, అయినా అదే తీసుకోండి. ఓడలో వైద్యుడు ఉంటారు, కానీ ప్రతి పరీక్షకు, ప్రతి సూదికి డాలర్లలో బిల్లు వేసి మీ క్యాబిన్ ఖాతాలో రాస్తారు. మన దేశంలోని ఆరోగ్య బీమా కార్డు సాధారణంగా అక్కడ చెల్లదు. పరిస్థితి విషమిస్తే దగ్గరి రేవులో దింపి ఆసుపత్రికి తరలిస్తారు, ఆ తరలింపు ఖర్చు పాలసీలో ఉందో లేదో ముఖ్యంగా చూడాలి.

ప్రయాణం రద్దు చేసుకొన్నప్పుడు సొమ్ము ఇచ్చే భాగం కూడా పాలసీలో ఉండాలి. ఏయే కారణాలకు ఇస్తారో చదవండి. ఇంట్లో వారు ఆసుపత్రిలో చేరితే ఇస్తారు; మనసు మారితే ఇవ్వరు; వీసా రాకపోతే ఇచ్చే పాలసీలు కొన్నే. ఈ రక్షణ పాలసీ తీసుకొన్న రోజు నుంచే మొదలవుతుంది కాబట్టి, విమానాశ్రయానికి వెళ్లే ముందు హడావుడిలో కాక, పెద్ద మొత్తం కట్టిన వారంలోనే తీసుకోవడం మంచిది. మందులు చేతి సంచిలోనే, చీటీతో సహా ఉంచుకోండి. ఓడ ఎక్కేటప్పుడు పెద్ద పెట్టెలు సిబ్బంది తీసుకొని సాయంత్రానికి గానీ గదికి చేర్చరు.

జగిత్యాల_టికెట్లు

డాక్టర్ గారు వీసా మాట ఎత్తారు కాబట్టి తేదీల లెక్క ఒకసారి వేద్దాం. మీరు 2027 జనవరి 11న ఓడ ఎక్కుతారనుకొందాం. బ్యాలెన్స్ గడువు 75 రోజుల ముందైతే అది 2026 అక్టోబరు 28. కొన్ని కంపెనీలకు 90 రోజులు, అంటే అక్టోబరు 13. ఈసారి దసరా అక్టోబరు 20న వస్తుంది. పండుగ బట్టలు, బతుకమ్మకు వచ్చే ఆడపిల్లల ఖర్చు ఉన్న నెలలోనే మీకు పెద్ద మొత్తం కట్టే రోజు వస్తుంది. ఆ సొమ్మును ఇప్పుడే విడిగా పెట్టుకోండి.

సింగపూర్ వీసాకు సాధారణంగా ప్రయాణానికి నెల ముందు, అక్కడి ప్రభుత్వం అనుమతించిన ఏజెంట్ల ద్వారా దరఖాస్తు చేస్తారు. అంటే వీసా చేతికి రాకముందే ఓడ సొమ్ము పూర్తిగా కట్టి ఉంటారు. మన వారికి ఎక్కువగా వీసా వస్తుంది, కానీ రాకపోతే ఓడ కంపెనీ దాన్ని మీ వైపు రద్దుగానే చూస్తుంది. యూరప్ క్రూజ్‌లకు ఈ ఒక్క విషయంలో మేలు ఉంది. షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు కాబట్టి, ఓడ బ్యాలెన్స్ కట్టే లోపే ఫలితం తెలుసుకోవచ్చు.

ఇంకొకటి చాలా ముఖ్యం. మలేషియా మనకు ఇస్తున్న వీసా మినహాయింపును 2026 డిసెంబరు 31 వరకే ప్రకటించింది. మీ ఓడ పెనాంగ్ చేరేది జనవరిలో. పొడిగిస్తే మంచిదే; పొడిగించకపోతే ఆరుగురికీ మలేషియా వీసా తీసుకోవాలి, ఎందుకంటే రేవులో దిగకపోయినా ఆ దేశానికి తగిన పత్రాలు లేనివారిని ఓడ ఎక్కనివ్వకపోవచ్చు. నవంబరులో ఒకసారి, డిసెంబరులో ఒకసారి ఈ నియమం చూడండి. థాయిలాండ్ ఆన్‌లైన్ ఆగమన పత్రం, సింగపూర్ ఆగమన పత్రం ప్రయాణానికి మూడు రోజుల లోపు నింపాలి. రెండూ ఉచితమే, డబ్బు అడిగే నకిలీ వెబ్‌సైట్లను నమ్మవద్దు. తిరిగి సింగపూర్‌లో అడుగు పెట్టాలి కాబట్టి ఒకటికి మించి ప్రవేశాలకు వీలున్న వీసాయే వచ్చిందా అని చూసుకోండి. పాస్‌పోర్టులకు ఆరు నెలలకు పైగా గడువు మిగిలి ఉండాలి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే ముగుస్తుంది, ముందుగా వాటినే తీసి చూడండి.

విమాన టికెట్టులో తేదీ జాగ్రత్త. శంషాబాద్ నుంచి విదేశాలకు వెళ్లే విమానాలు అర్ధరాత్రి అటూ ఇటూ ఎక్కువగా ఉంటాయి. 10వ తేదీ 00:30 అని టికెట్టుపై ఉంటే 9వ తేదీ రాత్రి భోజనం కూడా విమానాశ్రయంలోనే అని అర్థం. హనుమకొండ నుంచి ఘట్‌కేసర్ దాకా వచ్చి అవుటర్ రింగు రోడ్డు పట్టుకొంటే మూడున్నర గంటలు పెట్టుకోండి, అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు ఉండాలి. అంటే 9వ తేదీ సాయంత్రం ఐదు, ఆరింటికే ఇల్లు వదలాలి. వరంగల్ దగ్గర రాబోయే మామునూరు విమానాశ్రయం నుంచి వెళ్దామన్న ఆశ ఈ ప్రయాణానికి పెట్టుకోకండి.

చెన్నైలోనో, కొలంబోలోనో విమానం మారే చవక టికెట్లు కనబడితే రెండు ప్రయాణాలూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉన్నాయా అని చూడండి. ఒకే పీఎన్‌ఆర్ అయితే మొదటి విమానం ఆలస్యమైనా తరువాతి విమానంలో సీటు ఇచ్చే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. వేరువేరుగా కొంటే రెండోది పోయినట్లే. కొన్ని క్రూజ్ కంపెనీలు విమానాన్ని కూడా తామే ఏర్పాటు చేసి, ఆలస్యమైతే తరువాతి రేవుకు చేర్చే బాధ్యత తీసుకొంటాయి. అమెరికా, యూరప్ ప్రయాణాల్లో అది పనికి వస్తుంది. నేరు విమానం ఉన్న సింగపూర్‌కు ఆ అదనపు ధర అవసరం లేదని నా అభిప్రాయం.

తిరుగు ప్రయాణంలో ఓడ ఉదయాన్నే రేవు చేరినా, ఆరుగురూ దిగి, పెట్టెలు తీసుకొని బయటపడే సరికి తొమ్మిది, పది కావచ్చు. మధ్యాహ్నం తరువాతి విమానమే కొనండి. మెరీనా బే క్రూజ్ సెంటర్ నుంచి చాంగీ విమానాశ్రయం టాక్సీలో అరగంట లోపే, దూరం సమస్య కాదు.

కరీంనగర్_ఆడిటర్

జగిత్యాల సోదరుడు అక్టోబరులో బ్యాలెన్స్ అన్నారు కాబట్టి మారకపు రేటు గురించి కూడా చెప్పాలి. వెబ్‌సైట్‌లో ధర సింగపూర్ డాలర్లలోనో, అమెరికా డాలర్లలోనో ఉంటే బ్యాలెన్స్ కట్టే రోజు రేటే వర్తిస్తుంది. మూడు లక్షల బాకీపై రూపాయి మూడు శాతం తగ్గితే తొమ్మిది వేలు అదనం. క్రెడిట్ కార్డుతో కడితే చాలా కార్డులు విదేశీ చెల్లింపుపై 2 నుంచి 3.5 శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ వసూలు చేస్తాయి. ఏజెంటు రూపాయల్లో ధర చెప్పినా, ఆ ధర డిపాజిట్ రోజునే ఖరారైందా, చివరి చెల్లింపు రోజు రేటుకు మారుతుందా అన్నది రసీదుపై రాయించుకోండి. ఖరారైన రూపాయి ధర ఇస్తే ఏజెంటు ధర కొద్దిగా ఎక్కువ ఉన్నా న్యాయమే.

రద్దు నిబంధనలు కూడా రెండు పొరలుగా ఉంటాయి. ఓడ కంపెనీ కోసేది ఒకటి, దానిపై ఏజెంటు తన సేవా రుసుముగా కోసేది మరొకటి. రెండూ తేదీలతో సహా కాగితంపై తీసుకోండి. రద్దయినప్పుడు రేవు రుసుములు, పన్నులు ఓడ కంపెనీ సాధారణంగా వెనక్కి ఇస్తుంది. అవి మీ వరకు వస్తాయా అని ప్రత్యేకంగా అడగండి.

హనుమకొండ_గణితం

నిన్న రాత్రి మా అమ్మాయి, అల్లుడు, నేను కూర్చొని మీరు రాసినవన్నీ చదివి, ప్రతి చెల్లింపు పక్కన అది ఏ తేదీ వరకు పూర్తిగా వెనక్కి వస్తుందో రాసుకొంటూ ఒక పట్టిక వేసుకొన్నాం. కోణార్క్‌లో ముంబయి వెళ్లే సలహా నాకు నచ్చింది గానీ, మనవలు సింగపూర్ మీద ఆశ పెట్టుకొన్నారు.

తిరిగి వచ్చే డిపాజిట్‌తో రెండు క్యాబిన్లు తీసుకొంటున్నాం, మాకు బాల్కనీ, వారికి ఎదురుగా లోపలి క్యాబిన్. ఓడ, వీసా, హోటల్ హనుమకొండ ఏజెంటు ద్వారానే చేయిస్తాం. సగం సొమ్ము కాక, ఓడ కంపెనీ అడిగే డిపాజిట్‌కు సమానమైన మొత్తం మాత్రమే ఇప్పుడు కట్టడానికి, రూపాయి ధర ఖరారు చేయడానికి ఆయన ఒప్పుకొన్నారు. విమాన టికెట్లు అల్లుడే విడిగా, మార్పుకు వీలున్న ధరలో, ఓడకు ఒక రోజు ముందు చేరేలా కొంటాడు. చెల్లింపులన్నీ అల్లుడి పాన్ మీదనే. బీమా డిపాజిట్ కట్టిన వారంలో తీసుకొంటాం.

ఒక్క సందేహం మిగిలింది. మా అమ్మాయి పాస్‌పోర్టు పెళ్లికి ముందు తీసుకొన్నది, అందులో మా ఇంటిపేరే ఉంది. ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు ఉంది. బుకింగ్ ఏ పేరున చేయాలి?

జగిత్యాల_టికెట్లు

పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే చేయాలి సార్, ఓడకైనా విమానానికైనా వీసాకైనా. ఇంటిపేరు గడిలో ఏముందో, పేరు గడిలో ఏముందో చూసి, పొడి అక్షరాలు వాడకుండా పూర్తిగా రాయించండి. మన దగ్గర కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, అలాంటివి ఉంటే ఏజెంటుకు ముందే చెప్పండి. పాస్‌పోర్టులో పేరు మార్పించాలనుకొంటే టికెట్లు కొనకముందే చేయించండి, లేదా తిరిగి వచ్చాక చేయించండి. మధ్యలో మాత్రం వద్దు. బ్యాలెన్స్ గడువు దాటిన తరువాత పేరు మార్చడాన్ని కొన్ని కంపెనీలు పాత మనిషి రద్దు, కొత్త మనిషి బుకింగ్‌గా లెక్క వేస్తాయి. ఆరు పాస్‌పోర్టుల మొదటి పేజీలు స్కాన్ చేసి ఏజెంటుకు, అల్లుడు గారికి ఒకేసారి పంపండి. బుకింగ్ కాగితం వచ్చిన రోజునే ప్రతి అక్షరం సరిపోల్చుకోండి, అప్పటికి దిద్దడానికి ఖర్చు ఉండదు.

హనుమకొండ_గణితం

చాలా సంతోషం. పాస్‌పోర్టులు ఇప్పుడే తీసి చూశాను. చిన్న మనవడి పాస్‌పోర్టు 2027 మార్చిలో ముగుస్తున్నది, ఆరు నెలల నియమానికి అది సరిపోదు. ముందు దాన్ని కొత్తగా తీసుకొని, ఆ కొత్త నంబరుతోనే విమాన టికెట్లు కొంటాం. ఓడ డిపాజిట్ మాత్రం సోమవారం కడుతున్నాం. పాస్‌పోర్టు నంబరును తరువాత చేర్చవచ్చని ఏజెంటు చెప్పారు, ఆ మాటను కూడా రసీదుపై రాయించుకొంటాను.